తిరగేసి చూడని బట్ట

నాకు బట్టల పిచ్చి ఉంది. అలాంటి ఇలాంటి పిచ్చి కాదు. దుకాణం బయట వేలాడదీసిన చీర కనబడితే దాని కొంగు రెండు వేళ్ళ మధ్య నలిపి చూడందే నాకు అడుగు ముందుకు పడదు. బస్సులో ముందు సీటు పెద్దాయన భుజమ్మీది కండువా అంచు చూస్తూ చూస్తూ దిగాల్సిన స్టాపు దాటిపోయినవాణ్ణి. పెళ్ళికి వెళ్ళొచ్చాక పెళ్ళికొడుకు ఎలా ఉన్నాడని ఇంట్లో అడిగితే నోరు పెగలదు గానీ, ఆయనగారి మేనత్త కట్టిన గద్వాల చీరకి అంచు ఏ రంగో ఎన్నేళ్ళయినా చెప్పగలను. మా ఆవిడ పెళ్ళైన కొత్తల్లో దీన్ని రసికత అనుకుంది. తర్వాత జబ్బు అంది. ఇప్పుడు ఏమీ అనడం లేదు.

మీకూ ఎంతో కొంత ఉండే ఉంటుంది లెండి. కొట్టువాడి చేత బీరువాలో ఉన్నవన్నీ కింద పరిపించి, ఆ రంగుల కుప్ప మధ్య కూర్చుని, "ఇంకేమైనా కొత్తవి వచ్చాయా బాబూ" అని అడగని తెలుగువాళ్ళు ఉంటారంటే నేను నమ్మను. ఆ ధైర్యంతోనే నా సంగతి మీకు చెప్పుకుంటున్నాను.

బట్ట కళ. ఇది నా నమ్మకం, ఇప్పటికీ అదే నమ్మకం. గోడకి తగిలించిన బొమ్మను చూడ్డానికి టికెట్టు కొని వెళ్తాం, దాని ముందు గొంతు తగ్గించి మాట్లాడతాం. అంతకంటే కష్టమైన పని చేసినవాడి చేతిలో పుట్టిన చీరను మాత్రం బేరమాడి, సంచిలో కుక్కుకుని తెచ్చుకుంటాం. ఈ మాట నేను చెప్పని చోటు లేదు. టీ బడ్డీ దగ్గర చెప్పాను, ఆఫీసు క్యాంటీన్‌లో చెప్పాను, పుట్టినరోజు విందుల్లో కేకు కోయడం ఆపి మరీ చెప్పాను. చెప్పిన మాటలో తప్పు లేదు. అయితే అది నాకు నిజంగా అర్థమైంది మాత్రం చాలా ఆలస్యంగా. అర్థమయ్యేలా చేసింది ఒక అవ్వ.

చౌటుప్పల్ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో స్నేహితుడి కూతురి పెళ్ళి. పెళ్ళికొడుకు తరఫువాళ్ళది తరతరాల నేత కుటుంబం. ఆ సంగతి ముందే తెలుసు. తెలుసు కాబట్టే, వాళ్ళ ముందు నా అభిరుచి ఏమిటో చూపించుకోవాలన్న కోరిక వారం ముందు నుంచే నన్ను నిలవనివ్వలేదు. నగరంలో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళి ఇక్కత్ కుర్తా కొన్నాను. మెరూన్ మీద తెల్లటి వజ్రాలు, వజ్రం మధ్యలో నల్లటి చుక్క. "ప్యూర్ పోచంపల్లి సార్, డబుల్ ఇక్కత్ సార్" అన్నాడు అమ్మే కుర్రాడు. ఆ నెల పాలవాడికి, కేబుల్ వాడికి ఇవ్వాల్సిన డబ్బంతా దాని మీదే పోయింది. అద్దంలో ముందు నుంచి చూసుకున్నాను, పక్క నుంచి చూసుకున్నాను, మెడ తిప్పి వెనక నుంచి కూడా చూసుకున్నాను. కుర్తాను మాత్రం ఒక్కసారైనా తిరగేసి చూడలేదు.

పెళ్ళిలో భోజనాలకి ముందు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు నలుగురు దొరికారు. ఒకడు మర్యాదకి "బాగుందంకుల్ కుర్తా" అన్నాడు. ఆ ఒక్క ముక్క చాలు కదా నాకు. పడుగు అంటే నిలువు పోగని చెప్పాను, పేక అంటే అడ్డపోగని చెప్పాను, పడుగుకో పేకకో ఒక్కదానికే రంగు కడితే సింగిల్ ఇక్కత్ అనీ, పడుగుకీ పేకకీ రెండింటికీ కట్టి మగ్గం మీద ఆ రెండు బొమ్మల్నీ కలిపితే డబుల్ ఇక్కత్ అనీ చెప్పాను, గుజరాత్ పటాన్‌లోనూ బాలి దీవిలో తెంగనాన్ అనే ఊళ్ళోనూ మన తెలంగాణలో పుట్టపాక లాంటి ఊళ్ళలోనూ తప్ప ఈ పని చేసేవాళ్ళు లోకంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతే అనీ చెప్పాను, చేతులు తిప్పుతూ గొంతు పెంచుతూ చెప్పుకుపోతుంటే కుర్రాళ్ళు నలుగురు కాస్తా పదిమందయ్యారు, పక్క కుర్చీల వాళ్ళు ఇటు తిరిగారు, వీడియో వాడు కూడా లైటు నా మీదికే తిప్పాడు, సరిగ్గా అప్పుడు వెనక కుర్చీలోంచి ఒక ముడతల చెయ్యి వచ్చి నా కుర్తా అంచు పట్టుకుని, బొటనవేలితో ఒక్క మలుపు మలిచి, లోపలి వైపు బయటికి తీసింది.

"ఎంతకు గొన్నవ్ బిడ్డా?"

చెప్పాను. రెండు వందలు పెంచి మరీ చెప్పాను.

"ఇది అచ్చేసిన బట్ట బిడ్డా. నేసింది గాదు. ఎనక జూడు, తెల్లగ లేదా?"

చూశాను. లోపలంతా వెలవెలబోయిన తెలుపు. పైన వజ్రం ఉన్నచోట లోపల దాని నీడ మాత్రం ఉంది. రంగు బట్ట మీద కూర్చుంది గానీ దారంలోకి దిగలేదు. మెడ మీద చెమట పట్టింది. నోట్లో సిద్ధంగా ఉన్న తర్వాతి వాక్యం అక్కడే ఆగిపోయింది. కుర్రాళ్ళు మర్యాదస్తులు, ఒక్కొక్కరే "అంకుల్, భోజనాలు పెడుతున్నారట" అంటూ జారుకున్నారు. వీడియో వాడు లైటు తిప్పేసుకున్నాడు. ఆ వీడియో ఇప్పటికీ ఆ ఇంట్లో ఉండే ఉంటుంది.

అవ్వ నవ్వలేదు. పక్కన కుర్చీ చూపించి కూర్చోమంది. తన పైట కొంగు తీసి నా చేతిలో పెట్టింది. ఎన్ని ఉతుకులు ఉతికిందో, వేళ్ళ కింద వెన్నలా జారింది. ఎర్ర నేల మీద చిలకల వరస. తిరగేశాను. ఇటూ అవే చిలకలు, అంతే ఎరుపు. ఏది ముందో ఏది వెనకో తెలియలేదు. "దారానికే రంగుంటే బట్టకు ముందేంది, ఎనకేంది? మా పొల్లగాండ్లు గూడ మోసపోతరు, నువ్వెంత. ఇంటికి రా ఓసారి, సూపిస్త" అంది.

డబ్బు పోయినందుకు బాధ కలగలేదు. ఇన్నేళ్ళుగా కళ, కళ అని గొంతు చించుకున్న నేను, కళ ఎక్కడుంటుందో వెతక్కుండా అద్దంలో నన్ను నేను చూసుకుంటూ గడిపానని తెలిసి బాధ కలిగింది. మనందరం అంతే కదా. బట్ట కొనేటప్పుడు బట్టను చూస్తున్నామనే అనుకుంటాం. చూసేది, అది కట్టుకున్నాక నలుగురూ మనల్ని ఎలా చూస్తారోనన్న ఊహని.

వెళ్ళాను. అవ్వ రమ్మంది కదా, ముందు పోచంపల్లి, తర్వాత అవ్వ వాళ్ళ ఊరు, ఆపైన పుట్టపాక. పోచంపల్లి అంటే 1951 ఏప్రిల్‌లో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన ఊరని బళ్ళో చదువుకున్నాం. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో అదీ ఉంది. నాకు మాత్రం ఆ ఊళ్ళో వీధుల కంటే ఇళ్ళ లోపలే ఎక్కువ కనబడింది.

మొదట చూసింది ఆసు. ఒక చట్రం మీద అర్ధచంద్రాకారంలో మేకులు, వాటికి ఎదురుగా ఒక మేకు. ఎదుటి మేకు నుంచి వరసలోని మేకుకి, అక్కణ్ణుంచి మళ్ళీ వెనక్కి, దారం పట్టుకుని చెయ్యి అలా తిరుగుతూనే ఉండాలి. ఒక చీరకి చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఇళ్ళల్లో ఈ పని ఆడవాళ్ళది. ఆలేరు దగ్గర శారాజీపేటలో పుట్టిన చింతకింది మల్లేశం, రోజుకి రెండు చీరలకి ఆసు పోసి భుజం పడిపోతున్న తల్లిని చూడలేక, చదువు పెద్దగా లేకపోయినా ఏళ్ళ తరబడి కిందా మీదా పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో ఆయన మీద సినిమా వచ్చింది. ఆ సినిమా నేను చూశాను, కళ్ళు తుడుచుకున్నాను, ఇంటికొచ్చాను. ఆ 9,000 సార్లకీ నా ఒంటి మీది చొక్కాకీ ఉన్న లంకె ఆ రోజు నా బుర్రకి తట్టలేదు.

ఆసు మీంచి తీసిన దారాన్ని చట్రానికి బిగించి, గ్రాఫు కాగితం మీద గీసుకున్న బొమ్మ చూసుకుంటూ గుర్తులు పెడతారు. రంగు తగలకూడని చోటల్లా రబ్బరు ముక్కలతో గట్టిగా కడతారు. దాన్ని చిటికి కట్టడం అంటారు అక్కడ. ముంచుతారు, ఆరబెడతారు, కొన్ని కట్లు విప్పుతారు, కొత్తవి కడతారు, ఇంకో రంగులో ముంచుతారు. ఎన్ని రంగులైతే అన్నిసార్లు. ఇంతా చేస్తే చేతికొచ్చేది మచ్చల మచ్చల దారం. అందులో బొమ్మ ఉందని మనకి తెలీదు, నేతగాడికి తెలుసు.

గుంట మగ్గం పక్కన నేల మీద కూర్చుని చాలాసేపు చూశాను. పేక దారం మోసే నాడె అటు నుంచి ఇటు వచ్చిన ప్రతిసారీ నేతగాడు వెంటనే పలక కొట్టి పోగును బిగించడం లేదు. పేక పోగు కొసను వేలితో పట్టుకుని వెంట్రుకవాసి ఇటు లాగుతాడు. కళ్ళు చిట్లించి చూస్తాడు. ఇంకో వెంట్రుకవాసి అటు వదులుతాడు. పేక మీది తెల్ల మచ్చ కింది పోగులోని తెల్ల మచ్చ పక్కన వచ్చి కూర్చున్నాకే పలక పడుతుంది. మళ్ళీ నాడె, మళ్ళీ వేలు. చిలక ముక్కు పూర్తయ్యేసరికి నా కాళ్ళు తిమ్మిరెక్కాయి.

ఎంత సర్దినా ఆ అంచులు గీత గీసినట్టు రావు. కట్టు కిందికి రవ్వంత రంగు పాకుతుంది, పోగు రవ్వంత జరుగుతుంది. అందుకే ఇక్కత్ బొమ్మ అంచు నీళ్ళలో చూసిన ప్రతిబింబంలా అలలాడుతూ ఉంటుంది. నా అచ్చు కుర్తాలో వజ్రాల అంచులు బ్లేడుతో కోసినట్టు ఉండేవి. నేను దాన్నే పనితనం అనుకుని మురిసిపోయాను! ఆ అలలాటే ఈ కళ ప్రాణం. ఏ చిత్రకారుడి కుంచెకీ అది లొంగదు, ఎందుకంటే అది చెయ్యి, రంగు, దారం మూడూ కలిసి రాజీపడిన చోట పుడుతుంది.

పుట్టపాకలో తేలియా రుమాలు చేతికిచ్చారు. నలుచదరపు గుడ్డ. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. చీరాలలో పుట్టిన పని అది. ఆముదపు కాయల బూడిద నీళ్ళలో నూనె కలిపి, అందులో నూలు నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి, రోజుల తరబడి అదే పని చేస్తే ఆ నూలు ఎరుపును పట్టుకుని వదలదు. గుడ్డ దగ్గరగా తీసుకుంటే ఆ నూనె వాసన ఇంకా వస్తుంది. ఒకప్పుడు ఇవి చీరాల నుంచి అరబ్బు దేశాలకీ ఆఫ్రికా తీరానికీ ఓడలెక్కి వెళ్ళేవి, అక్కడి మగవాళ్ళు తలకి చుట్టుకునేవారు. పాత రుమాళ్ళలో గడియారాలూ విమానాలూ కూడా నేశారు. విమానం ఎక్కని మనిషి, విమానాన్ని చదరాలుగా విడగొట్టి, ముడులుగా మార్చి, దారంలో దాచి, మళ్ళీ మగ్గం మీద దించాడు! ఆ ఆలోచన ముందు నేను ఇప్పటికీ చేతులు కట్టుకుని నిలబడతాను. మరుగున పడిపోతున్న ఈ పనిని నిలబెట్టినవాళ్ళలో పుట్టపాక గజం గోవర్ధన్‌కి 2011లోనూ గజం అంజయ్యకి 2013లోనూ పద్మశ్రీ వచ్చింది. 2020లో రుమాలుకి భౌగోళిక గుర్తింపూ దక్కింది.

బట్ట కోసం బుద్ధి పోగొట్టుకున్నది నేనొక్కణ్ణే కాదని చరిత్ర చదివితే కొంత ఊరట. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో కొట్టు పెట్టింది. మన తీరం నుంచి వెళ్ళిన పూల కలంకారీ బట్టలు చూసి ఇంగ్లండు దొరసానులకి మతి పోయింది. పరుపుల మీదా అదే, కర్టెన్లకీ అదే, గౌన్లకీ అదే. ఉన్ని, పట్టు నేసే అక్కడి నేతగాళ్ళ కడుపు మండింది. 1719లో లండన్‌లో కలికో, అంటే మన అద్దకం నూలు బట్ట, గౌను వేసుకుని వీధిలోకి వచ్చిన ఆడవాళ్ళ మీద పడి బట్టలు చింపారు, యాసిడ్ కూడా చల్లారు. 1721లో అద్దకం బట్ట ఒంటి మీద వేసుకోవడమే నేరమని పార్లమెంటు చట్టం చేసింది. ఫ్రాన్సు 1686లోనే నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. అయినా దొంగచాటుగా కొంటూనే ఉన్నారు, కట్టుకుంటూనే ఉన్నారు. కరక్కాయ రసం, పటిక, ఇనప తుక్కూ బెల్లమూ ఊరబెట్టిన కసిమి, చావలికొడి వేరు, వీటితో మనవాళ్ళు వేసిన పూవు, రెండు రాజ్యాల చట్టాల కంటే గట్టిగా నిలబడింది. జరిమానాకైనా సిద్ధపడి గౌను కుట్టించుకున్న ఆ దొరసానులంతా నాకు అక్కచెల్లెళ్ళే.

ఇంత నేర్చుకున్నాక నా బుద్ధి బాగుపడి ఉంటుందనుకుంటున్నారు కదూ? అసలైన తెలివితక్కువ పని దీని తర్వాతే చేశాను.

బట్ట కళ అని తెలిసొచ్చింది కాబట్టి, ఇంట్లో ఉన్న మంచి బట్టలన్నిటికీ నేను కాపలాదారుణ్ణయ్యాను. మా అమ్మ పెళ్ళి చీర ధర్మవరం పట్టు. చిలకాకుపచ్చ ఒళ్ళు, వంకాయరంగు అంచు, అరచేయంత జరీ. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ప్రతి సంక్రాంతికీ కట్టింది, పసుపు మరకలు చేసింది, అందులోనే వంట చేసింది, నీడన ఆరేసింది, మళ్ళీ మడతపెట్టింది. ఆవిడ పోయాక అది నా చేతికొచ్చింది. ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. కలరా ఉండలు గుప్పెడు పోశాను. బీరువాలో అడుగున పెట్టి తాళం నా జేబులో వేసుకున్నాను. మా ఆవిడ అడిగితే "కట్టుకునేది కాదు అది" అన్నాను. మా అమ్మాయి "నాన్నా, ఒక్కసారి నాయనమ్మ చీర కట్టుకుంటా" అంటే "మ్యూజియంలో బొమ్మని ఇంటికి తెచ్చుకుంటారా" అని కసిరాను. చిన్నపిల్ల, ఊరుకుంది.

దాని ఓణీల ఫంక్షన్ నాడు నా మనసు కరిగింది. అందరి ముందూ నేనే తాళం తీసి, నేనే కవర్ విప్పి, మా అమ్మ గురించి రెండు మాటలు చెప్పి, రెండు చేతులతో చీర విదిలించాను. మడత మడత దగ్గరా పట్టు పగిలింది. చిరగడం కూడా కాదు, ఎండుటాకులా పటపటమని విడిపోయింది. జరీ నల్లబడిపోయింది. అమ్మాయి ఏమీ అనలేదు, ఊడిపడిన జరీ ముక్క ఒకటి తీసి దాచుకుంది. ఆ పూట భోజనం నాకు గొంతు దిగలేదు.

తర్వాత అవ్వకి ఫోన్ చేసి చెప్పుకున్నాను. "పట్టు చీరకు గాలి దాకాలె బిడ్డా. మడతలు మార్చాలె. ఆ ఉండలు జరీ మీద ఎవ్వలేస్తరు? కట్టుకోనీకె నేసినం గానీ బీర్వల పెట్టనీకె నేసినమా" అంది. అమ్మ ఏళ్ళ తరబడి కట్టినా చెక్కుచెదరని చీర, నా కళాభిమానం కింద నలిగి పోయింది. కళని గోడకి తగిలించినంత మాత్రాన గౌరవించినట్టని నేను నేర్చుకున్న పాఠం బట్ట దగ్గర చెల్లలేదు. చీర మగ్గం దిగినప్పుడు సగమే పూర్తవుతుంది. మిగతా సగం మనిషి ఒంటి మీద, నడకలో, కుచ్చిళ్ళ కదలికలో, ఒంటి వేడిలో పూర్తవుతుంది.

పుట్టపాకలో కొన్న తేలియా రుమాలు నా దగ్గర ఉంది. ఫ్రేము కట్టించుకోమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు, వినలేదు. ఎండలో బయటికి వెళ్తే తలకి చుట్టుకుంటున్నాను. చెమట పడుతోంది, ఉతుకుతున్నాం, ఎరుపు అలాగే ఉంది. ఎవరైనా బాగుందంటే ఉపన్యాసం మొదలుపెట్టే గుణం పూర్తిగా పోలేదు గానీ, ఇప్పుడు మొదట తిరగేసి చూపిస్తున్నాను.

మీకు నా మనవి ఇంతే. ఈసారి ఇక్కత్ అని ఎవరైనా చేతిలో పెడితే మలిచి వెనక వైపు చూడండి. రెండు వైపులా ఒకే రంగు ఉంటే, అంచు కాస్త అలలాడుతుంటే, అప్పుడు ధర అడగండి. చేనేత గుర్తు, హ్యాండ్లూమ్ మార్క్, 2006 నుంచి ఉంది, అది ఉందో లేదో చూడండి. ఏ ఊళ్ళో నేశారో అడగండి, వీలుంటే ఆ ఊరికే వెళ్ళి కొనండి. ఇంటికెళ్ళాక బీరువా తీసి అమ్మ చీర, అత్తగారి చీర, నాయనమ్మ చీర బయట పెట్టండి. ప్లాస్టిక్ కవర్లు పారేసి పాత నూలు గుడ్డలో చుట్టండి, మడతలు మార్చండి. ఇంట్లో ఆడపిల్ల అడిగితే కట్టుకోనివ్వండి. పచ్చడి మరక పడితే పడనివ్వండి. ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం వస్తుంది, దానికోసం ఆగక్కర్లేదు, రేపే కట్టుకోండి.